పాత ఐ7, కొత్త ఐ3: ఏది ఎంత వేగమో మీరే పోల్చి చూసుకోవడం ఎలా?

"ఆఫీసులో పదేళ్లుగా ఐ7 కంప్యూటర్ నడుస్తోంది. దాన్ని తీసేసి కొత్త ఐ3 తీసుకోమంటున్నారు. ఏడు నుంచి మూడుకు దిగడమేమిటి?" డెస్క్‌టాప్ మార్చాలనుకునేవారు పదే పదే అడిగే ప్రశ్న ఇది. దీనికి తోడు మరొకటి: "సెకండ్ హ్యాండ్‌లో ఐ7, 16 జీబీ ర్యామ్‌తో చవకగా వస్తోంది. కొత్త ఐ3 కంటే అదే మేలు కదా?"

పేరులో ఉండే 3, 5, 7 అంకెలు ఒకే తరంలో వచ్చిన ప్రాసెసర్లలో ఏది పై శ్రేణి, ఏది కింది శ్రేణి అన్నది మాత్రమే చెబుతాయి. 2013 నాటి పై శ్రేణి, 2022 నాటి కింది శ్రేణి ఎదురుపడితే ఏది గెలుస్తుందో వాటిని చూసి చెప్పలేం. పోల్చి చూడాల్సిందే. పోల్చడం కష్టం కాదు గానీ, తప్పుగా పోల్చడం చాలా తేలిక. అందుకే వరుసగా చెబుతున్నాను. ఒక మధ్యాహ్నం కేటాయిస్తే పని పూర్తవుతుంది.

ఉదాహరణగా రెండు ప్రాసెసర్లను తీసుకుందాం. మీ దగ్గర వేరే మోడళ్లు ఉన్నా పద్ధతి ఇదే.

ఒకటి ఇంటెల్ కోర్ ఐ7-4770. 2013 జూన్‌లో వచ్చింది. 4 కోర్లు (విడివిడిగా పనిచేసే భాగాలు), 8 థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరుసలు). బేస్ స్పీడ్ 3.4 గిగాహెర్ట్జ్, టర్బోలో (భారం పడినప్పుడు తాత్కాలికంగా పెరిగే వేగం) 3.9. ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగవంతమైన మెమరీ) 8 ఎంబీ. 84 వాట్లు. డీడీఆర్3 ర్యామ్.

రెండోది కోర్ ఐ3-12100. 2022 జనవరిలో వచ్చింది. ఇదీ 4 కోర్లు, 8 థ్రెడ్లే. బేస్ స్పీడ్ 3.3 గిగాహెర్ట్జ్, టర్బోలో 4.3. ఎల్3 క్యాష్ 12 ఎంబీ. బేస్ పవర్ 60 వాట్లు, టర్బోలో గరిష్ఠంగా 89. మదర్‌బోర్డును బట్టి డీడీఆర్4 లేదా డీడీఆర్5 ర్యామ్.

కాగితం మీద రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. బేస్ స్పీడ్ పాతదానిదే ఒక పిసరు ఎక్కువ. అయినా చాలా పనుల్లో కొత్త ఐ3 ఒకటిన్నర నుంచి రెండు రెట్ల వేగంగా నడుస్తుంది. గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని అడుగులు వేశారన్న లెక్క. ఒక్కో అడుగు ఎంత పొడవో అందులో ఉండదు. కొత్త ప్రాసెసర్ ఒక్కో క్లాక్‌లో చేసే పని ఎక్కువ. పైగా ఒక్కో కోర్‌కు దగ్గరగా ఉండే ఎల్2 క్యాష్ 256 కేబీ నుంచి 1.25 ఎంబీకి పెరిగింది. రెండు ర్యామ్ స్టిక్కులు వేసినప్పుడు ర్యామ్ నుంచి అందే సమాచారం సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ ఉండేది. డీడీఆర్4-3200తో అది 51.2 జీబీ అయింది. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

కావలసినవి

- పోల్చాల్సిన రెండు కంప్యూటర్లు. రెండోది మీ దగ్గర లేకపోతే స్నేహితులది, లేదా దుకాణంలో నడుస్తున్నది (దీని గురించి కింద చెప్పాను)
- సీపీయూ-జడ్ (ప్రాసెసర్ వివరాలు చూపేది), హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి, వేగం చూపేది): రెండూ ఉచితం. ఇన్‌స్టాల్ చేయకుండా నేరుగా నడిపే రూపంలో కూడా దొరుకుతాయి. పెన్ డ్రైవ్‌లో వేసుకోండి
- సినీబెంచ్ ఆర్23 (ప్రాసెసర్ వేగాన్ని పరీక్షించేది), 7-జిప్ (ఫైళ్లను కుదించేది), హ్యాండ్‌బ్రేక్ (వీడియోలను మరో రూపంలోకి మార్చేది): ఇవీ ఉచితమే
- మీరు రోజూ చేసే పనికి సంబంధించిన ఒక పెద్ద ఫైలు
- ఫోన్‌లో స్టాప్‌వాచ్, ఒక కాగితం, పెన్ను
- వీలైతే గోడ సాకెట్‌కూ కంప్యూటర్ ప్లగ్గుకూ మధ్య పెట్టే చిన్న వాట్ మీటర్
- పాత కంప్యూటర్ కోసం: మెత్తని బ్రష్షు, థర్మల్ పేస్ట్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత నూలు బట్ట

1. ప్రాసెసర్ పూర్తి పేరు రాసుకోండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు బటన్లూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్‌ఫార్మెన్స్ విభాగంలో సీపీయూ మీద నొక్కండి. కుడివైపు పైన పూర్తి పేరు, కింద కోర్ల సంఖ్య, లాజికల్ ప్రాసెసర్ల సంఖ్య కనిపిస్తాయి.

ఇంటెల్ కోర్ ఐ వరుసలో గీత తరువాత వచ్చే అంకెలే తరం చెబుతాయి. 4770లో 4 అంటే నాలుగో తరం. 12100లో 12 అంటే పన్నెండో తరం. "ఐ7 సిస్టం" అని మాత్రమే చెప్పి తరం చెప్పని ప్రకటనకు విలువ ఇవ్వకండి. 2011లో వచ్చిన ఐ7-2600 కూడా ఐ7యే.

చివరి అక్షరాన్ని కూడా వదలకండి. 'టీ' ఉంటే తక్కువ కరెంటుతో, తక్కువ వేగంతో నడిచే రకం. చిన్న ఆఫీసు పెట్టెల్లో ఇవే ఉంటాయి. 'కే' ఉంటే స్పీడు పెంచుకునే వీలున్న రకం. 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. ఐ3-12100ఎఫ్ కొని, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా మానిటర్ తగిలిస్తే తెర నల్లగానే ఉంటుంది.

హెచ్చరిక: క్యాబినెట్ మీద అంటించిన స్టిక్కర్‌ను నమ్మకండి. స్టిక్కర్లు విడిగా దొరుకుతాయి. సీపీయూ-జడ్ తెరిచి, పేరుతో పాటు కోర్లు, క్యాష్ కూడా సరిపోతున్నాయో లేదో చూడండి. ఆ పేరు పక్కన 'ఈఎస్' అని కనిపిస్తే అది అమ్మకానికి కాక పరీక్షల కోసం తయారుచేసిన నమూనా. కొనకండి.

2. కంపెనీ వివరాల పేజీలో ఏమి చూడాలో, ఏమి వదలాలో

ఇంటెల్, ఏఎండీ రెండూ తమ ప్రాసెసర్ల వివరాలను సొంత వెబ్‌సైట్లలో ఉంచుతాయి. ఐదు సంగతులు రాసుకోండి: విడుదలైన సంవత్సరం, కోర్లు, థ్రెడ్లు, ర్యామ్ రకం, సాకెట్ (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు). వేగాన్ని అంచనా వేయడానికి గిగాహెర్ట్జ్ ఒకే తరంలోని రెండు ప్రాసెసర్ల మధ్యే పనికొస్తుంది. తరాలు మారితే దాన్ని పక్కన పెట్టండి.

సాకెట్ ఎందుకంటే, 4770 కూర్చునేది ఎల్‌జీఏ1150లో, 12100 కూర్చునేది ఎల్‌జీఏ1700లో. అంటే ప్రాసెసర్ మారితే మదర్‌బోర్డు మారాలి, డీడీఆర్3 ర్యామ్ పనికిరాదు, ప్రాసెసర్‌ను చల్లబరిచే పాత హీట్ సింక్ కూడా కుదరదు (బోర్డు మీద రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్ల నుంచి 78కి మారింది). ఈ ఖర్చు చివర్లో లెక్కకు వస్తుంది.

3. ప్రాసెసర్ తప్ప మిగతావన్నీ సమానం చేయండి

మొత్తం పోలికలో అసలైన మెట్టు ఇదే. చాలామంది దీన్ని దాటేస్తారు.

పాత కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్, కొత్తదానిలో ఎస్‌ఎస్‌డీ ఉంటే మీరు పోలుస్తున్నది ప్రాసెసర్లను కాదు, డిస్కులను. విండోస్ తెరుచుకోవడం, బ్రౌజర్ మొదటిసారి రావడం, ఫోటోల ఫోల్డర్ కనిపించడం ఇవన్నీ డిస్కు మీదే ఎక్కువగా ఆధారపడతాయి. పదేళ్ల నాటి ఐ7కు ఒక సాధారణ సాటా ఎస్‌ఎస్‌డీ తగిలిస్తే ఇంట్లోవాళ్లు కొత్త కంప్యూటర్ వచ్చిందనుకుంటారు. కాబట్టి ముందు ఎస్‌ఎస్‌డీ వేయండి, తరువాతే పోల్చండి. ఆ తరువాత ఇక పోల్చాల్సిన అవసరమే లేదనిపించవచ్చు. అలా అనిపిస్తే అక్కడే ఆగిపోండి, మీ డబ్బు మిగిలింది.

ర్యామ్ కూడా అంతే. ఒకే 8 జీబీ స్టిక్కుకు బదులు రెండు 4 జీబీ స్టిక్కులు వేస్తే ర్యామ్ దారి రెండింతలు వెడల్పవుతుంది. సీపీయూ-జడ్‌లోని మెమరీ విభాగంలో ఛానళ్ల సంఖ్య కనిపిస్తుంది. రెండు కంప్యూటర్లలోనూ అది సమానంగా ఉండాలి. మొత్తం జీబీలు కూడా దాదాపు సమానంగా ఉండాలి.

గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఒకే కార్డును మార్చి మార్చి పెట్టండి. అది కుదరకపోతే రెండింటిలోనూ తీసేసి, లోపలి గ్రాఫిక్స్‌తోనే నడపండి.

ఒక చిన్న చిక్కు ఉంది. 4770కు విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఇవ్వదు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అర్హత, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. అందువల్ల ఒకదానిలో విండోస్ 10, రెండోదానిలో విండోస్ 11 ఉండవచ్చు. పరీక్షల మీద దాని ప్రభావం కొద్దిగానే ఉంటుంది. ఆ కొద్ది తేడా కూడా వద్దనుకుంటే ఉబుంటు లాంటి లినక్స్‌ను పెన్ డ్రైవ్‌లో వేసి రెండింటినీ దానితోనే తెరవండి. 7-జిప్, హ్యాండ్‌బ్రేక్ అక్కడా నడుస్తాయి.

4. పాతదానికి న్యాయం చేయండి: దుమ్ము, పేస్ట్

పదేళ్లు మూలన నడిచిన ప్రాసెసర్‌ను, నిన్ననే పెట్టె విప్పిన దానితో నేరుగా పోల్చడం అన్యాయం. హీట్ సింక్ రెక్కల మధ్య దుమ్ము చాపలా పేరుకుని ఉంటుంది. దాని కింద థర్మల్ పేస్ట్ ఎండి సున్నంలా పొడి రాలుతుంది. అప్పుడు ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. తరువాత క్యాబినెట్ లోహపు భాగాన్ని తాకండి. ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని దుమ్ము దులపండి. హీట్ సింక్‌ను బలంగా పైకి లాగకండి. పేస్ట్ గట్టిపడి ఉంటే కొద్దిగా అటూ ఇటూ తిప్పి వదులు చేయండి. విప్పే ముందు కంప్యూటర్‌ను ఐదు నిమిషాలు నడిపి వేడెక్కిస్తే పని సులువవుతుంది. పాత పేస్ట్‌ను ఆల్కహాల్‌తో తుడిచి, ప్రాసెసర్ నడిమధ్య బఠానీ గింజంత కొత్త పేస్ట్ పెట్టి, హీట్ సింక్‌ను నాలుగు మూలలా సమానంగా బిగించండి. ఎక్కువ పెడితే మేలనుకుని పేస్ట్ దండిగా పూయకండి, పక్కలకు కారుతుంది.

సాకెట్‌లోని పిన్నులు వెంట్రుకంత సన్నగా ఉంటాయి. ప్రాసెసర్‌ను బయటికి తీయాల్సిన పని లేదు. తీయకండి.

ఈ పని చేయడానికి ధైర్యం చాలకపోతే మీ ఊరి మెకానిక్‌కు ఇవ్వండి. చేయకుండా మాత్రం పోల్చకండి.

5. పరీక్షకు ముందు యంత్రాన్ని కుదుటపడనివ్వండి

రీస్టార్ట్ చేసి పది నిమిషాలు వదిలేయండి. విండోస్ తెరుచుకున్న వెంటనే వెనుక అప్‌డేట్లు, యాంటీవైరస్ తనిఖీలు నడుస్తుంటాయి. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వాడకం రెండు మూడు శాతానికి దిగాక మొదలుపెట్టండి. పవర్ ప్లాన్‌ను రెండింటిలోనూ హై పర్‌ఫార్మెన్స్‌కు మార్చండి.

రెండింటినీ ఒకే గదిలో, దాదాపు ఒకే వేళలో పరీక్షించండి. మే నెల మధ్యాహ్నం ఒకదాన్ని, ఏసీ గదిలో రాత్రిపూట మరొకదాన్ని నడిపి పోలిస్తే ఆ తేడాలో ఎండ వాటా కూడా కలిసిపోతుంది.

6. ముందు రెండు తయారు పరీక్షలు

సినీబెంచ్ ఆర్23: ఒక బొమ్మను ప్రాసెసర్‌తో గీయించి మార్కులు ఇస్తుంది. మల్టీ కోర్ పరీక్ష మామూలుగా పది నిమిషాల పాటు మళ్లీ మళ్లీ నడుస్తుంది. దాన్ని తగ్గించకండి, వేడెక్కి నీరసించే ప్రాసెసర్ అప్పుడే బయటపడుతుంది. తరువాత సింగిల్ కోర్ పరీక్ష నడపండి. మార్కులు రెండూ వేర్వేరుగా రాసుకోండి.

సింగిల్ కోర్ మార్కులు ఎందుకంటే, మనం రోజూ చేసే చాలా పనులు ఒక కోర్ మీదే బరువు వేస్తాయి. వెబ్ పేజీ తెరవడం, పేజీ మేకర్‌లో పేజీ జరపడం, పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడడం అలాంటివే. "క్లిక్ చేస్తే వెంటనే స్పందిస్తుందా" అన్న అనుభూతికి దగ్గరగా ఉండేది ఈ అంకె.

7-జిప్: టూల్స్ మెనూలో బెంచ్‌మార్క్ ఉంటుంది. థ్రెడ్ల సంఖ్యను ఒకసారి 1, ఒకసారి 8 పెట్టి నడపండి. ఇది ర్యామ్ వేగాన్ని కూడా కలుపుకుని చూస్తుంది కనుక సినీబెంచ్‌కు మంచి జోడీ. రెండు కంప్యూటర్లలోనూ ఒకే వెర్షన్ వాడండి. పాత వెర్షన్ల ఫలితం ఎంఐపీఎస్‌లో, కొత్త వెర్షన్ల ఫలితం జీఐపీఎస్‌లో ఉంటుంది. ఒక జీఐపీఎస్ అంటే వెయ్యి ఎంఐపీఎస్‌లు. ఇది గమనించకపోతే లెక్క వెయ్యి రెట్లు తారుమారవుతుంది.

ఒక్కో పరీక్షను మూడుసార్లు చేసి మధ్య ఫలితాన్ని తీసుకోండి. గరిష్ఠాన్ని కాదు, మధ్యదాన్ని.

7. ఇప్పుడు మీ సొంత పని

తయారు పరీక్షల మార్కులు ఎంత బాగున్నా, మీ పనిలో తేడా రాకపోతే డబ్బు వృథా. అందుకే ఈ మెట్టుకు ఎక్కువ సమయం ఇవ్వండి.

వీడియో పని చేసేవారు, అంటే పెళ్లి వీడియోలు, పాఠాల వీడియోలు తయారుచేసేవారు: పది నిమిషాల క్లిప్పును హ్యాండ్‌బ్రేక్‌లో వేసి, 'ఫాస్ట్ 1080పీ30' ఎంచుకుని నడపండి. ఎన్‌కోడర్ పెట్టెలో ఎక్స్264 అని ఉండాలి. అక్కడ క్విక్ సింక్ లేదా ఎన్‌వీఎన్‌క్ అని ఉంటే పని చేస్తున్నది ప్రాసెసర్ కోర్లు కావు, గ్రాఫిక్స్ భాగం. పని ముగిశాక లాగ్‌లో సెకనుకు సగటున ఎన్ని ఫ్రేములు వచ్చాయో రాసి ఉంటుంది. అదే మీ ఫలితం. ఆ తరువాత కావాలంటే క్విక్ సింక్‌తో విడిగా ఒకసారి నడపండి. నిజ జీవితంలో అదే వాడేవారికి ఆ ఫలితమూ ముఖ్యమే, కాకపోతే రెంటినీ కలపకూడదు.

ఎక్సెల్‌లో పనిచేసేవారు: మీ అతి పెద్ద ఫైలును తెరిచి, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్9 నొక్కితే లెక్కలన్నీ మొదటినుంచీ మళ్లీ జరుగుతాయి. అది ముగిసేదాకా స్టాప్‌వాచ్ పెట్టండి.

డీటీపీ, ఫోటో స్టూడియోవారు: యాభై ఫోటోలకు ఒకే ఫోటోషాప్ యాక్షన్ నడిపి సమయం చూడండి.

బ్రౌజర్ తప్ప మరేమీ వాడనివారు: స్పీడోమీటర్ 3 అనే పరీక్ష బ్రౌజర్‌లోనే నడుస్తుంది. రెండింటిలోనూ ఒకే బ్రౌజర్, ఒకే వెర్షన్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్లు ఆపేయండి.

చదువుకునే పిల్లల కంప్యూటర్ అయితే వీడియో క్లాసు నడుస్తుండగా పది ట్యాబులు, ఒక వర్డ్ ఫైలు తెరిచి చూడండి. దీనికి మార్కులు ఉండవు. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ శాతం ఎంతదాకా వెళ్తుందో రాసుకుంటే చాలు.

8. యూట్యూబ్ పరీక్షను వదలకండి

ఏదైనా 4కే వీడియో పెట్టి, దాని మీద కుడి బటన్ నొక్కి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' ఎంచుకోండి. కోడెక్ (వీడియోను కుదించిన పద్ధతి) ఎదురుగా ఏవీ01 అని ఉంటే అది ఏవీ1 వీడియో. డ్రాప్డ్ ఫ్రేమ్స్ (చూపించలేక వదిలేసిన ఫ్రేములు) అంకె ఎంత పెరుగుతోందో చూడండి. పక్కనే టాస్క్ మేనేజర్ తెరిచి ఉంచండి.

4770లోని హెచ్‌డీ 4600 గ్రాఫిక్స్‌కు ఏవీ1ను సొంతంగా విప్పే శక్తి లేదు. ఆ భారమంతా కోర్ల మీద పడుతుంది, సీపీయూ గీత పైకి లేస్తుంది, ఫ్యాన్ చప్పుడు చేస్తుంది. 12100లోని యూహెచ్‌డీ 730 ఏవీ1ను తానే విప్పుతుంది. సీపీయూ గీత దాదాపు కదలదు, గ్రాఫిక్స్ విభాగంలో వీడియో డీకోడ్ గీత మాత్రం లేస్తుంది. ఫోన్లలో తీసిన హెచ్‌ఈవీసీ (ఇదీ ఒక కోడెక్) వీడియోలను ఎడిట్ చేసేటప్పుడు కూడా ఈ తేడా కనిపిస్తుంది. ఏ బెంచ్‌మార్క్ మార్కులోనూ ఇది ఉండదు గానీ, రోజూ చెవికి వినిపించే తేడా ఇదే.

9. కరెంటు

ప్రాసెసర్ పెట్టె మీది వాట్లు కరెంటు బిల్లు కాదు. అవి వేడిని తట్టుకోవడానికి కావలసిన ఏర్పాటుకు సంబంధించిన అంకెలు. వాట్ మీటర్ పెట్టి మూడు సందర్భాల్లో చూడండి: ఊరికే ఉన్నప్పుడు, వీడియో చూస్తున్నప్పుడు, సినీబెంచ్ నడుస్తున్నప్పుడు.

లెక్క ఇలా వేయండి. రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిచే కంప్యూటర్‌లో సగటున 40 వాట్ల తేడా కనిపించిందనుకుందాం. 40 × 8 × 300 = 96,000 వాట్ గంటలు, అంటే 96 యూనిట్లు. మీ బిల్లులోని యూనిట్ ధరతో గుణించండి. ఒకే కంప్యూటర్ ఉన్న ఇంటికి ఇది పెద్ద మొత్తం కాదు. ఇరవై కంప్యూటర్లు, వాటికి యూపీఎస్‌లు, గదికి ఏసీ ఉన్న శిక్షణ కేంద్రానికి మాత్రం నిర్ణయాన్నే మార్చగలదు.

10. శాతాల లెక్క సరిగ్గా వేయండి

ఒక వీడియో పాతదానిలో 12 నిమిషాలు, కొత్తదానిలో 7 నిమిషాలు పట్టిందనుకోండి. 12ను 7తో భాగిస్తే 1.71. కొత్తది 71 శాతం వేగం. అదే ఫలితాన్ని మరోలా చెబితే, 12లో 5 నిమిషాలు తగ్గాయి, అంటే సమయం 42 శాతం ఆదా. రెండూ నిజమే. అమ్మేవారు 71 అంటారు, వద్దనేవారు 42 అంటారు. మీరు ఒక పద్ధతి ఎంచుకుని అన్ని పరీక్షలకూ అదే వాడండి. నన్నడిగితే నిమిషాల్లో చూడటమే మేలు. రోజుకు ఇలాంటి వీడియోలు ఆరు చేసేవారికి అరగంట మిగులుతుంది. వారానికి ఒకటి చేసేవారికి మిగిలేది ఐదు నిమిషాలే.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

వేర్వేరు వెర్షన్ల మార్కులు కలపడం అన్నిటికంటే ఎక్కువ. సినీబెంచ్ ఆర్15, ఆర్20, ఆర్23, 2024 నాలుగింటికీ మార్కుల కొలత వేరు. గీక్‌బెంచ్ అనే మరో పరీక్షలో 5, 6 వెర్షన్లు కూడా అంతే. పాతదానికి ఎక్కడో చదివిన గీక్‌బెంచ్ 5 మార్కు, కొత్తదానికి గీక్‌బెంచ్ 6 మార్కు పెడితే ఆ పోలికకు అర్థం లేదు.

2013 నాటి సమీక్షలను ఈనాటి సమీక్షలతో పోల్చడం మరొకటి. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే భద్రతా లోపాలు బయటపడ్డాయి. వాటిని పూడ్చడానికి వచ్చిన అప్‌డేట్లు 4770 లాంటి పాత ప్రాసెసర్ల వేగాన్ని కొన్ని పనుల్లో తగ్గించాయి. కొత్త తరాల్లో మెల్ట్‌డౌన్‌కు పరిష్కారం చిప్పులోనే ఉంది. కాబట్టి ఆనాటి సమీక్షలో కనిపించే 4770, ఈరోజు మీ బల్ల మీద ఉన్న 4770 ఒకే వేగంతో నడవవు.

ఆటల కోసం పోల్చేవారు 4కే రిజల్యూషన్‌లో పరీక్షించి "రెండూ సమానమే" అంటుంటారు. అంత రిజల్యూషన్‌లో భారమంతా గ్రాఫిక్స్ కార్డుదే. ప్రాసెసర్ తేడా కనిపించాలంటే 1080పీలో, గ్రాఫిక్స్ సెట్టింగులు తగ్గించి చూడాలి. సగటు ఫ్రేములతో పాటు, అతి తక్కువగా పడిపోయిన ఫ్రేముల అంకెనూ రాసుకోండి. ఆట మధ్యలో తడబడటం అక్కడే తెలుస్తుంది.

కోర్ల సంఖ్యను మాత్రమే చూడటం కూడా తప్పే. పాత సర్వర్లలోంచి తీసిన జియాన్ ప్రాసెసర్లు ఎనిమిది, పది కోర్లతో చవకగా దొరుకుతాయి. వీడియో ఎన్‌కోడింగ్‌కు అవి ఉపయోగపడవచ్చు. బ్రౌజర్‌కు, ఎక్సెల్‌కు ఒక్కో కోర్ వేగమే ముఖ్యం.

ఫలితం సరైనదేనా? ఇలా సరిచూసుకోండి

మూడుసార్లు వచ్చిన ఫలితాల మధ్య తేడా మూడు శాతానికి మించితే వెనుక ఏదో నడుస్తోంది. ఐదో మెట్టుకు తిరిగి వెళ్లండి.

పరీక్ష నడుస్తుండగా హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో సెన్సర్ల పట్టిక తెరవండి. ఈ రెండు ప్రాసెసర్లూ 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేగం తగ్గించుకుంటాయి. థర్మల్ థ్రాట్లింగ్ వరుసలో 'యెస్' అని కనిపిస్తే ఆ ఫలితాన్ని కొట్టేసి, హీట్ సింక్ మళ్లీ బిగించండి. వేడి లేకపోయినా 4770 భారం కింద బేస్ స్పీడ్ 3.4ను దాటడం లేదంటే బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగులు) టర్బో ఆగిపోయి ఉండవచ్చు. 0.8 దగ్గరే ఇరుక్కుపోతే పవర్ ప్లాన్ చూడండి.

ఈ జంటకు మీ సింగిల్ కోర్ ఫలితం ఒకటిన్నర నుంచి రెండు రెట్ల మధ్య రావాలి. పాస్‌మార్క్ అనే మరో పరీక్ష వెబ్‌సైట్‌లో వాడుకరుల కంప్యూటర్ల సగటు చూస్తే 4770కు ఇంచుమించు 7 వేలు, 12100కు 13 వేల పైన మార్కులు కనిపిస్తాయి. మీ తేడా మూడు నాలుగు రెట్లు వచ్చిందంటే పాతదానిలో లోపం ఉంది. తేడా దాదాపు లేదంటే కొత్తదానిలో ర్యామ్ ఒకే స్టిక్కుతో నడుస్తోందేమో, హీట్ సింక్ మీది ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించారేమో చూడండి.

రెండో కంప్యూటర్ దొరకకపోతే

మీ పాతదాని మీద పరీక్షలన్నీ నడిపి, కొత్తదాని ఫలితాలు కనీసం రెండు వేర్వేరు సమీక్షల నుంచి తీసుకోండి. పరీక్ష పేరు, వెర్షన్, ర్యామ్ రకం మూడూ సరిపోవాలి. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట కొంటుంటే, పెన్ డ్రైవ్‌లో సీపీయూ-జడ్ తీసుకెళ్లి, నడుస్తున్న సిస్టం మీద దానిలోని బెంచ్ విభాగం నడిపించమని అడగండి. నిమిషంలోపు పని. మంచి దుకాణదారు కాదనరు.

ఏఎండీ వైపు చూస్తున్నవారికీ పద్ధతి ఇదే. కాకపోతే రైజెన్‌లో ఒకే వేల సంఖ్య కింద వేర్వేరు తరాల చిప్పులు ఉంటాయి కనుక మొదటి మెట్టులో పేరుతో పాటు విడుదల సంవత్సరం, క్యాష్ తప్పక చూడండి.

మార్చాలా, వద్దా

మీ దగ్గర ఇప్పటికే 4770 ఉండి, ఎస్‌ఎస్‌డీ వేశాక ఏడో మెట్టులోని పనులు హాయిగా సాగుతుంటే, వేగం కోసం మార్చకండి. ఇక్కడ ఆలోచించాల్సింది భద్రత గురించి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవారికి అదనపు భద్రతా అప్‌డేట్లు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు దాకా వస్తాయి. బ్యాంకు లావాదేవీలు చేసే కంప్యూటర్‌ను అప్‌డేట్లు లేకుండా నడపకండి. లినక్స్ మింట్ లాంటిది వేస్తే అదే 4770 ఇంకా కొన్నేళ్లు నిశ్చింతగా పనిచేస్తుంది.

కొత్తగా డబ్బు పెట్టి కొనేవారికి నా మాట వేరు. ఐ7 అన్న పేరు చూసి నాలుగో తరం సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొనకండి. ముఖ్యంగా పిల్లల చదువు కోసం అప్పు చేసి కొనే తల్లిదండ్రులు ఈ పేరు వల్ల నష్టపోవడం చూస్తే బాధేస్తుంది. పెద్ద కంపెనీల పాత ఆఫీసు డెస్క్‌టాప్‌లలో కొన్నింటికి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) కనెక్టర్లు మామూలువి కావు. అది పోతే బజారులో దొరికే సాధారణ ఎస్‌ఎంపీఎస్ పెట్టలేరు. డీడీఆర్3 ర్యామ్ కూడా ముందుముందు పనికొచ్చేది కాదు. పోల్చేటప్పుడు ప్రాసెసర్ ధర ఒక్కటే కాకుండా ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ మూడింటి మొత్తాన్ని ఒకవైపు, సెకండ్ హ్యాండ్ సిస్టం ధరకు ఎస్‌ఎస్‌డీ, కొత్త ఎస్‌ఎంపీఎస్ కలిపి మరోవైపు పెట్టి చూడండి.

కొత్తది ఇంటికి వచ్చిన రోజే ఆరో మెట్టులోని రెండు పరీక్షలూ నడిపి, మార్కులు, ఉష్ణోగ్రతలు రాసిన కాగితాన్ని బిల్లుతో కలిపి దాచండి. ఏడాది తరువాత "నెమ్మదించినట్టుంది" అనిపిస్తే అవే పరీక్షలు మళ్లీ నడిపి ఆ కాగితంతో సరిచూడండి. మార్కులు అవే వస్తే ప్రాసెసర్ బాగానే ఉంది, వెనుక పేరుకున్న సాఫ్ట్‌వేర్ చూడాలి. మార్కులు తగ్గి ఉష్ణోగ్రత పెరిగితే దుమ్ము దులపాలి.